హస్తవాణి చేసిన పెళ్లి

నాగవరం సబ్ రిజిస్ట్రారు చక్రధరరావు పైనుంచి కాగితం రానిదే ఏ పనీ చేయడు. కాగితం వస్తే మాత్రం ఏ పనైనా చేస్తాడు. ఒక సోమవారం ఆయన టేబుల్ మీదికి కాగితంతో పాటు ఒక కెమెరా, ఒక తెర, ఒక ప్రింటరు కూడా వచ్చాయి. మూడింటికీ కలిపి హస్తవాణి అని పేరు పెట్టారు.

కాగితంలో ఇలా ఉంది: "బధిర అర్జీదారుల చేతి సైగలను చిత్ర విశ్లేషణ ద్వారా గ్రహించి, భాషగా మార్చి, కార్యాలయములకు అందజేయుటకు ఈ యంత్రమును ప్రవేశపెట్టడమైనది. ఇకమీదట సదరు అర్జీదారుల భావమును, యంత్రము గ్రహించినంత మేరకే భావముగా పరిగణించవలెను. మనుషులచే అనువాదము చేయించుట నిషిద్ధము. మనుషులకు పొరబాటు పడు స్వభావము కలదు."

యంత్రానికి ఏయే సైగలు తెలుసో చెప్పే బొమ్మల పుస్తకం కూడా ఒకటి వచ్చింది. దాన్ని రాజధానిలో ఒక కమిటీ తయారు చేసింది. కమిటీలో బధిరులెవరూ లేరు. సమావేశాల్లో జరిగేది వాళ్లకి వినపడదు కదా అని వేసుకోలేదట.

యంత్రాన్ని బిగించడానికి హైదరాబాదు కంపెనీ నుంచి ఇంద్రనీల్ అనే ఇంజినీరు వచ్చాడు. బధిరులు రోజూ రారు గనక, యంత్రం ఖాళీగా ఉండకుండా సిబ్బంది హాజరు కూడా దానికే అప్పగించాడు. రోజూ ఉదయం ఒక్కొక్కరే కెమెరా ముందు చెయ్యి చూపిస్తే, ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టి, పేరు, వయసు, తండ్రి పేరుతో సహా తెర మీద చూపిస్తుంది. చక్రధరరావు చెయ్యి దానికి ఎంత బాగా అలవాటైందంటే, ఆయన దూరం నుంచి చెవి గోక్కున్నా "శుభోదయం" అని పలికేది.

ఆ వారంలోనే సింహాచలం, గౌరీశ్వరి పెళ్లి నమోదుకి వచ్చారు.

ఇద్దరికీ పుట్టుకతోనే వినికిడి లేదు. జిల్లా బధిరుల బడిలో కలిసి చదువుకున్నారు. ఆమె మగ్గం పని చేస్తుంది. అతను బేకరీలో పని నేర్చి, విశాఖపట్నంలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించాడు. ఫ్యాక్టరీ వాళ్లు ఉండటానికి క్వార్టరు ఇస్తామన్నారు. అయితే అది పెళ్లైనవాళ్లకే. నెలాఖరులోగా పెళ్లి సర్టిఫికెట్టు పట్టుకెళ్లి చేరాలి. అందుకే నోటీసు గడువు ముగియగానే సాక్షుల్ని, గౌరీశ్వరి తల్లి తవిటమ్మని వెంటబెట్టుకుని వచ్చేశారు. గౌరీశ్వరి మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకుంది.

"ఆల్లిద్దరికీ ఇట్టమే బాబూ" అంది తవిటమ్మ వస్తూనే. "అడిగి సెప్పమంతారేటి?"

"వద్దమ్మా. మీరు మనిషి" అన్నాడు చక్రధరరావు మర్యాదగా. "వరుడు యంత్రసముఖమునకు రావలెను."

సింహాచలం కెమెరా ముందు కూర్చుని, తనకీ ఈ అమ్మాయికీ పెళ్లి ఇష్టమేనని తన భాషలో చక్కగా చెప్పాడు. "అర్జీదారుకు దాహము" అంది యంత్రం. అటెండరు మంచినీళ్లు తెచ్చాడు. తిరస్కరిస్తే బాగుండదని సింహాచలం తాగి, మళ్లీ చెప్పాడు. మళ్లీ నీళ్లొచ్చాయి. మూడో గ్లాసు వచ్చేసరికి అతను బొమ్మల పుస్తకం తీసి చూశాడు. సమ్మతి తెలపాలంటే గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత అరచెయ్యి కెమెరాకి చూపించాలని ఉంది. బధిరులెవరూ అలా చెయ్యరు. బస్సు ఆపేవాళ్లు చేస్తారు. అతను గౌరీశ్వరి వంక చూసి నవ్వి, బస్సు ఆపాడు.

"వరుడు: సమ్మతి" అని తెర మీద పడింది.

గౌరీశ్వరి కూర్చుంది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అరచెయ్యి చూపింది. యంత్రం చాలాసేపు ఆలోచించింది.

"మొక్క కనబడినది. మొక్కలకు ఈ కార్యాలయమందు సేవలు లేవు."

"మొక్కేటి?" అంది తవిటమ్మ. "బాబూ, నా కూతురు మొక్కా?"

ఇంద్రనీల్ వచ్చి చూశాడు. "గోరింటాకు వల్ల సార్. మన సాఫ్ట్‌వేర్ ముందు చర్మం రంగు పట్టుకుని, గోడ నుంచి చేతిని విడదీస్తుంది. తర్వాత అంచులు గీసుకుని వేళ్లు గుర్తుపడుతుంది. ఈవిడ చేతి నిండా తీగలు, ఆకులు. అంచులన్నీ ఆకు అంచులే. దాని వైపు నుంచి చూస్తే అది కరెక్టే సార్."

"కడిగేస్తే?"

"పోదు బాబూ! పండితే మొగుడు బాగా సూసుకుంతాడని రాత్రంతా ఉంచీసింది" అంది తవిటమ్మ.

చక్రధరరావు నియమావళి తిరగేశాడు. ఇతర శాఖలకు చెందిన వస్తువేదైనా అర్జీలో ఉన్నట్టయితే ఆ శాఖ నుంచి అభ్యంతరము లేదని పత్రము పొందవలెను, అని ఉంది. ఆయన ముఖం వికసించింది.

"అమ్మా, తమ కుమార్తె హస్తము ప్రస్తుతము అటవీశాఖ పరిధిలో ఉన్నది. అక్కడి నుంచి పత్రము తెచ్చినచో మనకు అడ్డు లేదు."

అటవీశాఖ ఆఫీసు బజారుకి అవతల ఉంది. అక్కడి అధికారి గౌరీశ్వరి చేతుల్ని కళ్లద్దాలు పెట్టుకుని పరిశీలించాడు.

"ఏ జాతి?"

"పెళ్లికూతురు జాతి బాబూ."

ఆయన అది నమోదు చేసుకుని, ముద్ర వేసి కాగితం ఇచ్చాడు. "పై మొక్కను స్వయముగా పరిశీలించితిని. దీనిని తరలించుటకు గాని, వివాహము చేయుటకు గాని మా శాఖకు అభ్యంతరము లేదు. నరికినచో మాత్రము ముందుగా తెలియజేయవలెను."

మర్నాడు పొద్దున్నే అందరూ మళ్లీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నారు. సింహాచలం సమ్మతి నిన్నటిది యంత్రంలో భద్రంగానే ఉంది. వధువు సమ్మతి ఒక్కటే తక్కువ. గౌరీశ్వరి కెమెరా ముందు కూర్చుని ఎంత చూపించినా యంత్రం మొక్క, మొక్క, మొక్క అంటోంది. ఒకసారి "పూలకుండీ" అంది. గౌరీశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వాటి వైపే చూస్తూ కూర్చుంది. మాట పోగొట్టుకున్నవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నట్టే ఉంది అది.

చక్రధరరావు చెడ్డవాడు కాదు. కుర్చీలోంచి లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, ఆమె పక్కన నిలబడ్డాడు.

"అలా కాదమ్మా. వేళ్లు దగ్గరగా. చూడు, ఇలా" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని, అరచెయ్యి కెమెరాకి చూపించాడు.

యంత్రం ఎన్నడూ లేని హుషారుతో వెలిగింది.

"వధువు: సమ్మతి. వివాహము సంపన్నము. శుభాకాంక్షలు."

ప్రింటరు గరగరమని సర్టిఫికెట్టు కక్కింది. చక్రధరరావు సంతోషంగా అందుకుని, అలవాటు ప్రకారం బిగ్గరగా చదివాడు. "వరుడు, సింహాచలం. వధువు, చక్రధరరావు. వయసు యాభై ఏడు. వృత్తి, సబ్ రిజిస్ట్రారు."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. సింహాచలానికి అదీ వినపడదు గనక, కాగితం లాక్కుని చదివాడు. చక్రధరరావుని కింది నుంచి పైదాకా చూశాడు. గౌరీశ్వరికి ఏదో చెప్పాడు. కళ్లనీళ్లతో ఉన్న ఆ పిల్ల ఒక్కసారి పగలబడి నవ్వింది.

"ఏటంతన్నాడు?" అన్నారు సాక్షులు.

"అత్తోరేటి పెడతారని అడుగుతన్నాడు" అంది తవిటమ్మ.

"రద్దు చెయ్యి!" అని చక్రధరరావు ఇంజినీరు మీద అరిచాడు.

"రద్దు అనే సైగ పుస్తకంలో లేదు సార్. కమిటీ వద్దంది. పైగా సర్టిఫికెట్టు రాగానే పైకి వెళ్లిపోతుంది. ఈపాటికి రాజధానికి చేరి ఉంటుంది."

చేరింది. చక్రధరరావు చెమట తుడుచుకుంటుండగానే జిల్లా రిజిస్ట్రారు భానోజీరావు ఫోను చేశాడు.

"కంగ్రాట్యులేషన్స్ చక్రధరరావు గారూ! రాష్ట్రంలో హస్తవాణి చేసిన తొలి పెళ్లి మన జిల్లాలోనే. పైనుంచి అభినందనలొచ్చాయి."

"అయ్యా, ఆ పెళ్లి నాకే అయిందండి."

"చూశాను. వివరాలు సమగ్రంగా ఉన్నాయి."

"నాకు ఇంట్లో భార్య ఉందండి. యంత్రం పొరబడింది."

భానోజీరావు గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకండి. యంత్రము పొరబడదని మనకు కాగితం ఉంది. అది పొరబడిందంటే కాగితం పొరబడినట్టు. కాగితం పొరబడిందంటే సంతకం పెట్టినవారు పొరబడినట్టు. అంతమంది పెద్దలు పొరబడటం కన్నా మీరొక్కరు పెళ్లి చేసుకోవడం పరిపాలనాపరంగా సులువు."

జీవితంలో మొదటిసారి చక్రధరరావుకి కాగితం అంటే భయం వేసింది.

ఆయన భార్య విశాలాక్షికి ఈ విషయం మందుల దుకాణంలో తెలిసింది. బీపీ మాత్రలకి ఎప్పటిలాగే ఉద్యోగుల హెల్త్ కార్డు ఇస్తే, కుర్రాడు కంప్యూటరులో చూసి తల గోక్కున్నాడు. "మేడమ్, సార్ కార్డులో భార్య లేరండి. భర్త ఉన్నారు. సింహాచలం గారు. ఆయనకైతే ఇస్తాను."

ఇంటికొచ్చి ఆవిడ సంచీ బల్ల మీద పెట్టి, "ఎవరండీ ఆ సింహాచలం?" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో భర్తని ఇలాంటి ప్రశ్న అడగవలసి వస్తుందని ఆవిడ అనుకోలేదు. అడిగినా మగవాడి పేరుతో అడుగుతాననుకోలేదు.

చక్రధరరావు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, చాలాసేపటి దాకా బయటికి రాలేదు. లోపల గిన్నెలు కూడా నవ్వుతున్నట్టు చప్పుడైంది.

సింహాచలం పరిస్థితీ అలాగే ఉంది. చేతిలో ఉన్నది ఆ సర్టిఫికెట్టు ఒక్కటే గనక దాన్నే పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడి మేనేజరు ముద్ర చూశాడు, సంతకం చూశాడు, సరేనన్నాడు. క్వార్టరు తలుపు మీద "శ్రీమతి చక్రధరరావు, శ్రీ సింహాచలం" అని బోర్డు కూడా రాయించాడు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. భార్యని వెంటబెట్టుకుని వస్తేనే ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రమే తవిటమ్మ కూతుర్ని, కాబోయే అల్లుణ్ణి తీసుకుని చక్రధరరావు ఇంటికి వచ్చింది. ఒక అరటిపళ్ల అత్తం కూడా తెచ్చింది. గుమ్మంలోనే విశాలాక్షి చేతులు పట్టుకుంది.

"అమ్మా, మీ ఆయనగోరు మా అల్లుణ్ణి వొదిలీలాగ సూడమ్మా. నెలాకరికి ఆడు పనిలో సేరకపోతే ఇంకోల్లకిచ్చేత్తారట. ఈ పిల్ల అన్నం ముట్టడం మానీసింది."

"లోపలికి రండి వదినగారూ" అంది విశాలాక్షి. బంధుత్వం ఎలా కలపాలో ఆవిడకి సరిగా తోచలేదు గాని, ఏదో ఒక బంధుత్వం ఉందని మాత్రం అనిపించింది.

కాఫీలయ్యాయి. చక్రధరరావు నియమావళి ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. "రద్దుకి వీల్లేదు. విడాకులకి వెళ్తే ఏడాది పడుతుంది. అన్నిటికన్నా ముందు, విడాకులడిగితే నేను పెళ్లి చేసుకున్నట్టు ఒప్పుకున్నట్టే."

"రద్దెందుకు?" అంది విశాలాక్షి. "నా ఓటరు కార్డులో విశాలాక్షి బదులు విశాఖపట్నం అని పడితే, అక్షరదోషమని రాసిస్తే మార్చలేదూ? పెళ్లి జరిగింది. యంత్రం తప్పేం లేదు. పెళ్లికూతురి పేరులో నాలుగక్షరాలు తప్పు పడ్డాయి. దిద్దమనండి."

"నాలుగేమిటే! పేరంతా తప్పే. తండ్రి పేరు, వయసు, ఊరు, ఆడా మగా కూడా."

"ఎన్ని అక్షరాలు దిద్దొచ్చో మీ పుస్తకంలో ఉందా?"

చక్రధరరావు వెతికాడు. లేదు. మళ్లీ వెతికాడు. ఎక్కడా లేదు. భార్య వంక ఆయన అలా చూడటం పెళ్లైన కొత్తలో తప్ప ఎప్పుడూ జరగలేదు.

భానోజీరావు కూడా ఫోనులో ఆ ఉపాయం విని పరవశించిపోయాడు. "చాలా బాగుంది. యంత్రం నిర్దోషి, కాగితం నిర్దోషి, అక్షరాలే దోషులు. అయితే సవరణ కోరవలసింది రికార్డులో ఉన్న దంపతులు. అంటే మీరూ, సింహాచలమూ. ఇద్దరూ హస్తవాణి ముందే కోరాలి. నేను స్వయంగా వచ్చి పర్యవేక్షిస్తాను."

మర్నాడు ఆఫీసులో ఇది విని ఇంద్రనీల్ ఇబ్బందిగా కదిలాడు. "సార్, ఒక చిన్న సంగతి. అభినందనలు వచ్చాక యంత్రాన్ని ఇంకా మెరుగుపరచమన్నారు. నేను బధిరుల బడికి వెళ్లి పిల్లల సైగలు వేలకొద్దీ ఫొటోలు తీసి దానికి నేర్పించాను. గోరింటాకు చేతులు కూడా చూపించాను. ఇప్పుడది అసలు సైగలే చదువుతుంది. బొమ్మల పుస్తకం మొత్తం మరిచిపోయింది."

"మంచిదే కదా?" అన్నాడు చక్రధరరావు.

"మంచిదే సార్. కానీ ఇప్పుడు దానికి మీరేం చెబుతున్నారో తెలీదు."

చక్రధరరావు పరీక్షగా చెయ్యి చూపించాడు. "అస్పష్టము. అర్జీదారు ఏదో గొణుగుచున్నారు" అంది యంత్రం.

అలా, నాగవరంలో రికార్డు ప్రకారం వధువైన చక్రధరరావు తన విముక్తి కోసం సైగల భాష నేర్చుకోవలసి వచ్చింది. వేరే దారి లేక గౌరీశ్వరినే అడిగాడు. ఆమె రోజూ సాయంత్రం వచ్చి, వరండాలో ఎదురుగా కూర్చుని నేర్పేది.

చాలా కష్టమైంది. ఆ చేతులు ఇన్నాళ్లూ సంతకాలు పెట్టాయి, జనానికి తలుపు చూపించాయి. అంతకుమించి వాటికి ఏమీ తెలియదు. "పేరు" అని చెప్పబోయి "పెరుగు" అన్నాడు. "తప్పు" అనబోయి తవిటమ్మని ఏదో అన్నాడు. అదేమిటో గౌరీశ్వరి చెప్పలేదు గాని, తవిటమ్మ కుర్చీ మార్చుకుని కూర్చుంది. పైగా చేతులొక్కటే చాలవట. ముఖం కూడా మాట్లాడాలి. అడిగేటప్పుడు కనుబొమలు లేవాలి, బాధైతే బుగ్గలు దిగాలి. చక్రధరరావు ముఖం కదలదు. గౌరీశ్వరి తన బుగ్గలు తనే లాగి చూపించింది, కళ్లు పెద్దవి చేసి చూపించింది. చివరికి విశాలాక్షి వైపు తిరిగి చేతులెత్తేసింది.

"పెళ్లిపీటల మీద కూడా అంతేనమ్మా" అంది విశాలాక్షి. "సంతోషమో కాదో నాకిప్పటికీ తెలీదు."

చక్రధరరావు ఆ మాట విన్నాడు. ఆ రోజు పాఠం అయ్యాక లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని, అద్దం ముందు కనుబొమలు లేపడం సాధన చేశాడు. మర్నాటికి ఎడమది లేచింది. గౌరీశ్వరి చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు విప్పి గాల్లో గలగలా ఆడించింది. బధిరుల చప్పట్లు అవేనని తవిటమ్మ చెప్పింది. ఉద్యోగంలో ఎవరూ ఆయనకి చప్పట్లు కొట్టలేదు.

సవరణ రోజున ఆఫీసు కిటకిటలాడింది. గౌరీశ్వరి, సింహాచలంతో చదువుకున్నవాళ్లంతా వచ్చారు. భానోజీరావు పర్యవేక్షకుడిగా తన చెయ్యి కూడా యంత్రంలో నమోదు చేయించుకుని, ముందు వరుసలో కూర్చున్నాడు. చక్రధరరావు కెమెరా ముందుకి వచ్చి, ఒక్కొక్క సైగే చెప్పడం మొదలుపెట్టాడు. నా పేరు అక్షరాలు తప్పు. ఆ అమ్మాయి పేరు వెయ్యండి. దయచేసి. 'దయచేసి' దగ్గర రెండు కనుబొమలూ లేచాయి.

"వధువు సవరణ కోరుచున్నారు. వరుని అంగీకారము అవసరము" అంది యంత్రం.

సింహాచలం లేచాడు. చక్రధరరావు వంక చాలా ప్రేమగా చూశాడు. తర్వాత నింపాదిగా, పొడుగ్గా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. వెనక కూర్చున్న మిత్రులు పొట్టలు పట్టుకున్నారు. పాఠాలు నేర్చుకున్నాడు గనక చక్రధరరావుకి సగం అర్థమైంది. ఆ అర్థమైన సగానికే చెమటలు పట్టాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు భానోజీరావు.

"ఈయన్ని వొదులుకోడం కట్టంగానే ఉందంతన్నాడండి" అంది తవిటమ్మ. "మంచి ఉద్యోగం, నెమ్మదస్తుడు, ఎదురు సెప్పడు. ఆలోసించుకోడానికి వారం టైమడుగుతన్నాడు."

చక్రధరరావు రెండు చేతులూ జోడించాడు. ఆ సైగకి అనువాదం అక్కర్లేకపోయింది. గౌరీశ్వరి సింహాచలం డొక్కలో పొడిచింది. అతను నవ్వి, ఒప్పుకున్నానని చెప్పాడు. వెంటనే గౌరీశ్వరి వచ్చి కూర్చుని, ఇంకా వెలిసిపోని ఎర్రటి చేతులతో తన పేరు, ఊరు, తల్లి పేరు, తన ఇష్టం చెప్పింది. యంత్రం ఈసారి మొక్క అనలేదు. ఆమె చెప్పినదంతా పొల్లుపోకుండా తెర మీద రాసింది. "నాకు ఇష్టమే. మొదటి నుంచీ అదే చెబుతున్నాను" అన్నది కూడా రాసింది.

సర్టిఫికెట్టు వచ్చింది. వరుడు సింహాచలం, వధువు గౌరీశ్వరి. చక్రధరరావు దాన్ని రెండుసార్లు చదివి, ఇద్దరి చేతుల్లో పెట్టాడు. తవిటమ్మ ఏడ్చింది. మిత్రులంతా లేచి నిలబడి, రెండేసి చేతులు పైకెత్తి గాల్లో గలగలా ఆడించారు. విశాలాక్షీ ఆడించింది. ఆ ఉత్సాహంలో భానోజీరావు కూడా ఆగలేక, హోదా మరిచిపోయి, చేతులెత్తి ఊపాడు. ఇందాక గౌరీశ్వరి తన ఇష్టం చెప్పినట్టే, గుండె మీద ఒకసారి చెయ్యి వేసుకుని కూడా ఊపాడు.

కెమెరా ఇంకా వెలుగుతూనే ఉంది.

ప్రింటరు గరగరమంది. గాల్లో ఉన్న చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాగితం మెల్లగా బయటికి రాసాగింది. "వరుడు, భానోజీరావు" దాకా వచ్చింది. "వధువు" అన్న మాట కూడా వచ్చింది.

చక్రధరరావు ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

ప్రింటరు ఆగిపోయింది. భానోజీరావు లేచి వచ్చి, సగం వచ్చిన కాగితాన్ని ప్రింటరులోంచి జాగ్రత్తగా లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చక్రధరరావు ప్లగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఏ ఆదేశం ప్రకారం పీకారని భానోజీరావు అడగలేదు. ఆదేశం చూపిస్తానని చక్రధరరావూ అనలేదు.